కాలి నరాల స్కానింగు, మెడ డాప్లర్: పరీక్షకు వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

డాక్టరుగారు చీటీ మీద "డాప్లర్" అని రాశారు. ఇది మామూలు స్కానింగేనా?

మెషిన్ ఒకటే. కడుపు స్కానింగుకు వాడే అల్ట్రాసౌండ్ మెషిన్‌తోనే దీన్నీ చేస్తారు. ఎక్స్‌రే కిరణాలు ఉండవు, సూది ఉండదు, రంగు మందు ఎక్కించరు. మామూలు స్కానింగు అవయవం ఆకారాన్ని చూపిస్తే, డాప్లర్ రక్తనాళంలో నెత్తురు ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో చెబుతుంది.

గోదావరి స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నప్పుడు ఆగకుండా పోయే రైలు కూత వేస్తే, దగ్గరకొస్తున్నంతసేపు సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ వివరించిన సూత్రం అదే. ఇక్కడ రైలుకు బదులు మీ ఎర్ర రక్తకణాలు కదులుతుంటాయి. ప్రోబ్ (ఒంటి మీద ఆనించి కదిపే పరికరం) పంపిన శబ్దం వాటిని తాకి తిరిగొచ్చేటప్పుడు స్థాయి కొంచెం మారుతుంది. ఆ మార్పును బట్టి మెషిన్ వేగాన్ని లెక్కగడుతుంది. పరీక్ష మధ్యలో "హుష్, హుష్" అని వినిపించేది మీ నెత్తురు కదలికే, మెషిన్ పాడై కాదు.

"నరాల స్కానింగు" అంటున్నారు కదా, నరాల డాక్టరు దగ్గరకు వెళ్ళాలా?

అక్కర్లేదు. మన మాటలో "నరం" అంటే రెండు అర్థాలున్నాయి. పిక్కల మీద నీలంగా ఉబ్బేదాన్నీ నరమే అంటాం, తిమ్మిర్లు తెప్పించేదాన్నీ నరమే అంటాం. ఈ గందరగోళంలో కాళ్ళ మీద సిరలు ఉబ్బినవారు న్యూరాలజీ ఓపీలో పూటంతా కూర్చుని, చివరికి "ఇది మా దగ్గర కాదండీ" అనిపించుకుని వస్తుంటారు. డాప్లర్ చూసేది రక్తనాళాలను మాత్రమే. గుండె నుంచి నెత్తురు తెచ్చేవి ధమనులు, తిరిగి గుండెకు తీసుకుపోయేవి సిరలు. వీటికి చూపించుకోవాల్సింది వాస్క్యులర్ సర్జన్‌కు. ఆ స్పెషలిస్టు దగ్గర్లో లేకపోతే జనరల్ సర్జన్‌కు. స్కాన్ చేసేది రేడియాలజిస్టు.

కాలి డాప్లర్లలో రకాలున్నాయట. మాకు ఏది చేయించాలో ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో మిగతావి చదవకపోయినా ఇదొక్కటి చదవండి. చీటీ మీద "రెండు కాళ్ళ డాప్లర్" అని మాత్రమే ఉంటే, స్కాన్ చేసేవారికి అసలు ప్రశ్న ఏమిటో తెలియదు. కాలికి చేసే డాప్లర్లు మూడు, మూడూ వేరువేరు.

ఒకటి, లోపలి సిరల్లో రక్తం గడ్డ కట్టిందా అని చూసేది. దీన్ని డీవీటీ డాప్లర్ అంటారు. పడుకోబెట్టి, సిరను నొక్కి చూస్తారు. రెండోది, సిరల్లోని కవాటాలు చెడి నెత్తురు కిందికి జారుతోందా అని చూసేది. ఉబ్బిన సిరలకు (వెరికోస్ వీన్స్), చీలమండ దగ్గర మానని పుండుకు ఇదే చేయాలి. నిలబెట్టి చేయాలి. మూడోది ధమనుల డాప్లర్. పాదానికి నెత్తురు సరిగా అందుతోందా అని చూస్తుంది. షుగరు ఉన్నవారికి, చుట్టా బీడీ తాగేవారికి, కొంచెం నడవగానే పిక్క పట్టేసేవారికి ఇది కావాలి.

ఒకదానికి బదులు మరొకటి చేస్తే రిపోర్టు "నార్మల్" అని వస్తుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే: వెరికోస్ వీన్స్ ఉన్న మనిషిని పడుకోబెట్టి గడ్డ ఉందా అని చూసి, గడ్డ లేదని రాసి పంపించేయడం. గడ్డ లేదన్నది నిజమే, కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదు. అందుకే చీటీ రాయించుకునేటప్పుడే "దేనికోసం చూడమంటున్నారండీ?" అని డాక్టరుగారిని అడిగి, ఆ ముక్క చీటీ మీదే రాయించుకోండి. "కుడి పిక్క వాపు 4 రోజుల నుంచి, డీవీటీ ఉందా?" అన్న ఒక్క వాక్యం చాలు.

ఏమీ తినకుండా రావాలా?

కాళ్ళు, చేతులు, మెడ డాప్లర్లకు అక్కర్లేదు. టిఫిన్ చేసి, మందులు వేసుకుని రండి. మరీ ముఖ్యంగా నిలబెట్టి చేసే పరీక్షకు ఖాళీ కడుపుతో వస్తే కళ్ళు తిరుగుతాయి.

కడుపులోని పెద్ద ధమనికి, కిడ్నీ ధమనులకు చేసే డాప్లర్‌కు మాత్రం 6 నుంచి 8 గంటలు తినకూడదు. పేగుల్లో గ్యాస్ ఉంటే శబ్దం లోపలికి పోదు. ముందురోజు రాత్రి పప్పు, పాలు, కూల్‌డ్రింకులు మానేసి త్వరగా భోంచేసి పడుకోండి. బీపీ మాత్ర రెండు గుక్కల నీళ్ళతో వేసుకోవచ్చు. షుగరు ఉన్నవారు పొద్దున్న మొదటి నంబరు అడిగి తీసుకోవాలి. ఉపవాసం ఉన్న పూట ఇన్సులిన్ గానీ షుగరు మాత్ర గానీ వేసుకోవాలా వద్దా అన్నది ముందురోజే మీ డాక్టరును అడగండి. మాత్ర వేసుకుని తినకుండా కూర్చుంటే షుగరు పడిపోతుంది.

ధమనుల పరీక్షకు ముందు చుట్ట, బీడీ, సిగరెట్ తాగకండి, కనీసం రెండు గంటలు. నికోటిన్ సన్న ధమనులను బిగిస్తుంది. ఆ ప్రభావంతో ఉన్న కాలిని కొలిస్తే అంకె తప్పు వస్తుంది.

ఎలాంటి బట్టలు వేసుకోవాలి? ఒంటికి నూనె రాసుకోవచ్చా?

కాలి పరీక్షలో గజ్జ నుంచి చీలమండ దాకా చూస్తారు. మగవాళ్ళు లుంగీ తెచ్చుకుంటే సుఖం. ఆడవాళ్ళు నైటీ గానీ వదులైన లంగా గానీ తెచ్చుకోండి. చీర మీదే పరీక్ష చేయించుకోవచ్చు గానీ, కుచ్చిళ్ళకు జెల్ అంటుకుంటుంది. జెల్ నీళ్ళతో తయారైనదే, మరక పడదు, తుడిస్తే పోతుంది. ఆడవాళ్ళకు పరీక్ష జరిగేటప్పుడు గదిలో ఒక ఆడమనిషి ఉండాలని అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.

కొబ్బరినూనె, బామ్, పసరు కట్టు, పసుపు పట్టీ: ఇవేవీ వద్దు. కొబ్బరినూనె రాసిన కాలి మీద ప్రోబ్ జారిపోతుంది, జెల్ నిలవదు. పసరు ఎండి అట్టకట్టిన చోట శబ్దం లోపలికి వెళ్ళదు. పుండుకు కట్టు ఉంటే విప్పాల్సి రావచ్చు, మళ్ళీ కట్టుకోవడానికి దూది, గాజుగుడ్డ వెంట తెచ్చుకోండి. బిగుతు సాక్సు, క్రేప్ బ్యాండేజీ వేసుకునేవారు పరీక్ష గదిలో విప్పేయండి. ఏ డాప్లర్‌కైనా నొప్పిగా వాచిన పిక్కను ముందు మర్దన చేయించకండి. లోపల గడ్డ ఉంటే మర్దనకు విడిపోయి పైకి పోయే ప్రమాదం ఉంది.

గడ్డ కోసం చూసే పరీక్షలో ఏం చేస్తారు?

వెల్లకిలా పడుకోబెట్టి, తల వైపు మంచాన్ని కొంచెం ఎత్తుతారు. అలా చేస్తే కాళ్ళ సిరలు నిండుగా కనిపిస్తాయి. మోకాలిని కొంచెం మడిచి పక్కకు వాల్చమంటారు. ప్రోబ్‌ను గజ్జలో పెట్టి అక్కడి నుంచి ప్రతి ఒకటి రెండు సెంటీమీటర్లకూ సిరను నొక్కుతూ మోకాలి వెనక్కి, పిక్కలోకి దిగుతారు.

తెర మీద చూస్తే రెండు గుండ్రటి నల్లటి చుక్కలు పక్కపక్కన కనిపిస్తాయి. ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది, అది ధమని. రెండోది సిర. ప్రోబ్‌తో నొక్కితే బాగున్న సిర రెండు గోడలూ అంటుకుని మాయమైపోతుంది, వదలగానే తెరుచుకుంటుంది. గడ్డ ఉన్న సిర ఎంత నొక్కినా మూసుకోదు. ఈ పరీక్ష గుట్టంతా ఈ ఒక్క నొక్కుడులోనే ఉంది. రంగులు చూడటం తర్వాతి పని. మధ్యలో పిక్కను చేత్తో పిండుతారు, ఊపిరి బిగబట్టమంటారు. ఒక కాలికి 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

పిక్కలోని సిరలు సన్నవి. కాలు బాగా వాచి ఉంటే అన్నీ కనబడవు. అలాంటప్పుడు "తొడ, మోకాలి వరకు గడ్డ లేదు, పిక్క పూర్తిగా కనబడలేదు" అని రాస్తారు. అది నిజాయితీగా రాసిన రిపోర్టు. వాపు, నొప్పి తగ్గకపోతే 5 నుంచి 7 రోజుల్లో మళ్ళీ చేయించుకోమంటారు. పిక్కలోని గడ్డ ఈలోపు పైకి పెరిగిందేమో చూడటానికే అది. మళ్ళీ డబ్బు పోయిందనుకుని మానేయకండి.

నొక్కితే గడ్డ కదిలి గుండెకు పోదా?

ఈ భయం సహజం. జాగ్రత్తగా చేసే పరీక్షలో అలా జరగడం చాలా చాలా అరుదు. గడ్డ కనబడగానే ఆ చోట గట్టిగా నొక్కడం ఆపేస్తారు, పిక్క పిండడమూ ఆపేస్తారు. పరీక్ష మానేసి ఇంట్లో ఉండిపోవడమే అంతకంటే ఎన్నో రెట్లు ప్రమాదం.

వాచిన కాలుతో పాటు ఒక్కసారిగా ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గితే నెత్తురు పడటం, స్పృహ తప్పడం వీటిలో ఏది కనబడినా స్కానింగు సెంటరుకు రావద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి. గడ్డ ఊపిరితిత్తులకు చేరినప్పుడు అలా ఉంటుంది. గడ్డ అనుమానం బలంగా ఉండి స్కాన్ ఆలస్యమయ్యేలా ఉంటే, రక్తం పలచబరిచే ఇంజెక్షన్ ముందే మొదలుపెడతారు. రేపు ఆదివారమనీ, ఎల్లుండి పండగనీ ఆగకుండా డాక్టరును అడగండి.

వెరికోస్ వీన్స్ పరీక్షకు నిలబెట్టే చేయాలా? మా అమ్మగారు ఎక్కువసేపు నిలబడలేరు.

నిలబెట్టే చేయాలి. పడుకున్న మనిషిలో నెత్తురు కిందికి జారదు, మరి కవాటం పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? కాలువ షట్టరు సరిగా మూసుకుంటోందా అని చూడాలంటే, అవతల నీళ్ళ బరువు ఉండాలి కదా.

మెట్టు మీద నిలబెట్టి, పరీక్ష చేసే కాలిని కాస్త మడిచి వదులుగా ఉంచమంటారు. బరువంతా రెండో కాలి మీద పెట్టి, పట్టుకోవడానికి ఉన్న కడ్డీని పట్టుకోవాలి. ప్రోబ్ గజ్జలో ఉండగా పిక్కను పిండి, వదిలేస్తారు. పిండినప్పుడు నెత్తురు పైకి పోతుంది. వదలగానే కవాటం టక్కున మూసుకోవాలి. మూసుకోకపోతే నెత్తురు వెనక్కి పారుతుంది. ఎంతసేపు పారిందో సెకన్లలో కొలుస్తారు. చర్మం కింది సిరల్లో అర సెకను దాటితే, తొడ లోపలి పెద్ద సిరలో, మోకాలి వెనక సిరలో ఒక సెకను దాటితే కవాటం చెడినట్టు లెక్క. ఎక్కడ మొదలై ఎక్కడి దాకా చెడిందో, సిర ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పుందో కాలంతా పటంలా గీస్తారు. లేజరా, ఆపరేషనా, సాక్సు సరిపోతుందా అన్నది ఆ పటాన్ని బట్టే తేలుతుంది. రెండు కాళ్ళకూ ముప్పావు గంట నుంచి గంట పడుతుంది.

నిలబడలేని పెద్దవాళ్ళను మంచం అంచున కాళ్ళు వేలాడేలా కూర్చోబెట్టి, లేదా తల వైపు బాగా ఎత్తిన మంచం మీద చూస్తారు. నిలబడి చేసినంత కచ్చితంగా రాదు, కానీ అసలు చేయకపోవడం కంటే మేలు. మధ్యలో చెమటలు, చెవుల్లో హోరు, కళ్ళ ముందు చీకట్లు వస్తే ఓర్చుకోకుండా వెంటనే చెప్పండి. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి మళ్ళీ మొదలుపెడతారు.

ఊడ్పులకు, కలుపుకు రోజంతా నీళ్ళలో నిలబడేవారు, చెరువు గట్ల మీద పనిచేసేవారు, కొబ్బరి దింపు తీసేవారు వీలైతే మధ్యాహ్నం తర్వాత టైము తీసుకోవాలి. పొద్దుటి కంటే సాయంత్రం సిరలు నిండుగా ఉంటాయి, లోపం బాగా బయటపడుతుంది. గది మరీ చల్లగా ఉంటే సిరలు ముడుచుకుపోతాయి, ఏసీ తగ్గించమని అడగండి.

ధమనుల పరీక్షలో చేతికి, కాలికి బీపీ పట్టీ చుట్టి ఏం చూస్తారు?

దాన్ని ఏబీఐ అంటారు. చీలమండ దగ్గరి పై బీపీని చేతి పై బీపీతో భాగిస్తే వచ్చే అంకె అది. ముందు 5 నుంచి 10 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. రాజోలు నుంచి బస్సులో వచ్చి మెట్లెక్కి వెంటనే పడుకుంటే అంకె నిజం చెప్పదు.

లెక్క ఇలా ఉంటుంది. రెండు చేతుల్లో ఎక్కువైనది 140. కుడి చీలమండ దగ్గర రెండు ధమనుల్లో ఎక్కువైనది 98. భాగిస్తే 0.70. ఎడమ చీలమండ 144 అయితే 1.03. 1.0 నుంచి 1.4 వరకు మామూలు. 0.91 నుంచి 0.99 వరకు సరిహద్దు. 0.90, అంతకన్నా తక్కువైతే కాలి ధమనిలో అడ్డు ఉన్నట్టు. 0.4 కంటే తక్కువైతే పాదం ప్రమాదంలో పడినట్టు. పై లెక్కలో ఎడమ కాలు బాగుంది, కుడి కాలు చూపించుకోవాలి.

షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవారిలో, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ధమని గోడకు సున్నం పేరుకుని గట్టిపడుతుంది. పట్టీ ఎంత బిగించినా ధమని నొక్కుకోదు. అంకె 1.4 దాటి వస్తుంది. "ఎక్కువొచ్చింది, బాగుందన్నమాట" అనుకోకండి, ఆ అంకెను లెక్కలోకి తీసుకోకూడదు. అలాంటివారికి కాలి బొటనవేలి దగ్గర బీపీ చూస్తారు. దాన్ని చేతి పై బీపీతో భాగిస్తే 0.7 కంటే తక్కువ వస్తే అడ్డు ఉన్నట్టు.

పట్టీ బిగించినప్పుడు పిక్క నొప్పి పెడుతుంది, అర నిమిషం ఓర్చుకోవాలి. కాలిలో గడ్డ ఉందని తెలిసినా, పట్టీ చుట్టే చోట పుండున్నా ముందే చెప్పండి. తర్వాత ప్రోబ్‌తో కడుపు నుంచి పాదం దాకా ధమనిని చూస్తారు. లంక పొగాకు చుట్టలు ఏళ్ళ తరబడి కాల్చినవారిలో, 40 ఏళ్ళ లోపు బీడీ తాగే మగవాళ్ళలో మోకాలి కింది సన్న ధమనులే ముందు మూసుకుపోవడం కనిపిస్తుంది.

సిరల పుండుకు బిగుతు కట్టు కట్టే ముందు ఏబీఐ చూసి తీరాలి. ధమని అడ్డున్న కాలికి గట్టిగా కట్టు కడితే ఉన్న కాస్త నెత్తురూ ఆగి వేళ్ళు నల్లబడతాయి. దుకాణంలో సాక్సు కొని వేసేసుకోవద్దని గట్టిగా చెప్పేది ఇందుకే.

కాలు వాచింది. అందరూ బోదకాలే అంటున్నారు. డాప్లర్ ఎందుకు?

కోనసీమలో, డెల్టా అంతటా తరాలుగా ఫైలేరియా చూసినవాళ్ళం కాబట్టి, వాచిన కాలు కనబడగానే నోట్లోకి వచ్చే మొదటి మాట బోదకాలు. దీనివల్ల రెండు వైపులా నష్టం జరుగుతోంది. నాలుగు రోజుల కింద వాచిన కాలిలో గడ్డ ఉన్నా, "బోదే కదా" అని మర్దన చేయించుకుని ఊరుకుంటున్నారు. మరోవైపు, అసలు బోదకాలు ఉన్నవారు ఏటా డాప్లర్లు చేయించుకుంటూ, పాదం కడుక్కోవడం మాత్రం ఎవరూ నేర్పక ఇబ్బంది పడుతున్నారు.

తేడా గమనించడానికి ఇవి చూడండి. రోజుల వ్యవధిలో ఒక్క కాలే వాచి, పిక్క బిగుసుకుని నొప్పి పెడుతుంటే గడ్డ కావచ్చు. అదే రోజు డాప్లర్ చేయించాలి. సాయంత్రానికి పెరిగి, రాత్రి కాళ్ళు ఎత్తు పెట్టుకుని పడుకుంటే పొద్దుటికి తగ్గి, చీలమండ లోపలి వైపు చర్మం గోధుమరంగు తిరుగుతుంటే సిరల కవాటాల జబ్బు. నిలబెట్టి చేసే డాప్లర్ కావాలి. చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రబడి తగ్గడం పలుమార్లు జరిగి, వాపు ఏళ్ళ మీద పెరిగి, పాదం పైభాగం, వేళ్ళు కూడా ఉబ్బి, చర్మం మందమైతే బోదకాలు. రెండో వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి ఎత్తడానికి ప్రయత్నించండి. మడత లేవకపోతే లింఫు (ఒంట్లోని నీటిని తిరిగి నెత్తుటిలోకి చేర్చే నాళాల్లో పారే ద్రవం) నిలిచిన వాపు అన్నమాట.

ఫైలేరియా క్రిమి పిల్లలు రాత్రిపూటే నెత్తుటిలో పైకి తిరుగుతాయి. అందుకే రక్తం రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య తీస్తారు. కాలు బాగా లావెక్కిన పాత కేసుల్లో రక్తంలో క్రిమి కనబడకపోవచ్చు. నెగెటివ్ వచ్చిందని బోదకాలు కాదనుకోవడానికి లేదు. లింఫు నాళాలు మామూలు డాప్లర్‌లో కనబడవు. బోదకాలికి డాప్లర్ చేసేది, దానితో పాటు సిరల జబ్బు గానీ గడ్డ గానీ ఉందేమో తేల్చుకోవడానికి మాత్రమే. చర్మం మందంగా ఉంటే మామూలు కాలి ప్రోబ్ లోతు చాలదు. కడుపుకు వాడే ప్రోబ్‌తో చూస్తారు, టైము ఎక్కువ పడుతుంది.

రిపోర్టు ఏమొచ్చినా ఒక పని ఇవాళే మొదలుపెట్టండి. రోజూ సబ్బుతో పాదం కడిగి, వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో పొడిగా తుడవాలి. సందుల్లో ఒరిసిన చోటి నుంచే క్రిములు లోపలికి పోయి ఆ చలిజ్వరాలు తెస్తాయి.

మా అమ్మాయి బాలింత. ఎడమ కాలు వాచింది. స్కానింగు చేయించవచ్చా?

వెంటనే చేయించండి. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత 6 వారాల వరకు గడ్డ కట్టే ముప్పు ఎక్కువ. కడుపులో సిర నొక్కుకునే తీరు వల్ల ఎడమ కాలిలో ఎక్కువగా వస్తుంది. సిజేరియన్ అయి మంచం మీదే ఉంచినా, కొన్ని ఇళ్ళలో పద్ధతి ప్రకారం నీళ్ళు తక్కువగా ఇచ్చినా ముప్పు పెరుగుతుంది. బాలింతను నడిపించండి, దాహానికి నీళ్ళివ్వండి.

గర్భిణికి అల్ట్రాసౌండ్ వల్ల హాని లేదు. కాలికి చేసినా సరే, గర్భిణి అయితే ఫారం ఎఫ్ నింపుతారు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అది తప్పనిసరి. ఆధార్, డాక్టరు చీటీ తెచ్చుకోండి.

మెడ డాప్లర్ ఎందుకు రాస్తారు?

మూతి వంకర పోయి గంటలో సర్దుకున్నా, మాట తడబడినా, ఒక కన్నుకు కాసేపు తెర పడినట్టయినా మెదడుకు పోయే ధమనిలో పూడిక ఉందేమో చూస్తారు. వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద దిండు పెట్టి, తలను అటూ ఇటూ తిప్పమంటారు. 20 నుంచి 30 నిమిషాలు. మాట్లాడకూడదు, గుటక వేయకూడదు, ప్రతి గుటకకూ బొమ్మ చెదిరిపోతుంది. పుస్తెలతాడు తీయనక్కర్లేదు, పక్కకు జరిపి గుడ్డ కప్పితే చాలు. కాలరు లేని చొక్కా వేసుకోండి.

రిపోర్టులో చూడాల్సింది ఆ మెదడుకు పోయే ధమనిలో, అంటే లోపలి కెరోటిడ్‌లో వేగం. సన్నబడిన చోట నెత్తురు వేగం పెరుగుతుంది. సెకనుకు 125 సెంటీమీటర్ల లోపైతే చెప్పుకోదగ్గ అడ్డు లేనట్టు. అది దాటితే సగం మేర, 230 దాటితే 70 శాతం మేర పూడిందని లెక్క. 70 దాటినప్పుడు, ముఖ్యంగా లక్షణాలు కూడా ఉంటే, ఆపరేషన్ గురించి మాట్లాడతారు. మూతి వంకర, చెయ్యి పడిపోవడం ఇప్పుడే మొదలైతే డాప్లర్ కోసం నంబరు తీసుకుని కూర్చోవద్దు, 108 పిలవండి.

డయాలసిస్ కోసం చేతికి డాప్లర్ అన్నారు.

డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపే ఆపరేషన్‌ను ఫిస్టులా అంటారు. అది వేసే ముందు చేతి నాళాల కొలతలు తీస్తారు. చేతికి పట్టీ కట్టి చూసినప్పుడు సిర 2.5 మిల్లీమీటర్లు, ధమని 2 మిల్లీమీటర్లు ఉంటే ఆపరేషన్ నిలబడే అవకాశం బాగుంటుంది. కిడ్నీ జబ్బు ముదురుతోందని తెలిసిన రోజు నుంచే రాయని చేతిని దాచుకోండి. ఆ చేతికి సెలైన్ పెట్టనివ్వకండి, మోచేతి దగ్గర నెత్తురు తీయనివ్వకండి, "అరచేతి వెనక తీయండి" అని అడగండి. సెలైన్ సూదులతో పాడైన సిరలు మళ్ళీ రావు.

వేసిన 6 వారాలకు మళ్ళీ చూస్తారు. సిర 6 మిల్లీమీటర్ల వెడల్పు, చర్మం కింద 6 మిల్లీమీటర్లలోపు లోతు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం ఉంటే సూది గుచ్చడానికి సిద్ధమైనట్టు. రోజూ ఫిస్టులా మీద వేళ్ళుంచి జుమ్మనే అదురు చూసుకోండి. అదురు ఆగిపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మర్నాటికి తెరవడం కష్టమవుతుంది.

తెర మీద ఎరుపు, నీలం కనిపించాయి. నీలం అంటే చెడు రక్తమా?

కాదు. ప్రోబ్ వైపు వచ్చే నెత్తురుకు ఒక రంగు, దూరంగా పోయే దానికి ఇంకో రంగు. బటన్ నొక్కితే రంగులు తారుమారవుతాయి. రంగును చూసి ఏదీ తేల్చుకోకండి.

రిపోర్టులో మాటలు అర్థం కావడం లేదు.

"కంప్రెసిబుల్" అంటే నొక్కితే మూసుకుంది, గడ్డ లేదు. "నాన్ కంప్రెసిబుల్" అంటే మూసుకోలేదు. "ఎస్‌ఎఫ్‌జె ఇన్‌కాంపిటెంట్" అంటే గజ్జలో పై సిర లోపలి సిరను కలిసే చోట కవాటం చెడింది. "రిఫ్లక్స్" వెనక్కి పారడం. "పెర్ఫొరేటర్" లోపలి సిరలకూ పై సిరలకూ మధ్య ఉండే దారి. ధమనుల్లో "ట్రైఫేజిక్" బాగున్న అల. "మోనోఫేజిక్" అంటే పైన ఎక్కడో అడ్డున్నందువల్ల నీరసపడిన అల. "బైఫేజిక్" పెద్దవయసులో మామూలుగా కూడా రావచ్చు. "అక్యూట్" కొత్త గడ్డ, "క్రానిక్" పాతది. ఈ చివరి రెండు మాటలను బట్టే మందు ఎంతకాలం వాడాలన్నది మారుతుంది, కాబట్టి రిపోర్టులో అవి లేకపోతే అడిగి రాయించుకోండి.

అంతా నార్మల్ అని వచ్చింది, వాపు మాత్రం పోలేదు.

రెండు కాళ్ళూ ఒకేలా వాస్తే గుండె, కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ చూడాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్ర వల్లే చాలామందికి చీలమండలు వాస్తాయి. మీ అంతట మీరు ఆపకుండా డాక్టరుకు చెప్పి మార్పించుకోండి. ఒక్క కాలే వాచి, తొడ దాకా ఉంటే పొత్తికడుపు లోపలి సిరను చూశారా అని అడగండి. అది మామూలు కాలి డాప్లర్‌లో పూర్తిగా రాదు.

మంచం మీద ఉన్న పెద్దాయన కోసం మెషిన్ ఇంటికి తెస్తారా?

తేరు. లింగనిర్ధారణ చట్టం కింద ప్రతి మెషినూ ఒక చోటుకు రిజిస్టరై ఉంటుంది, రోగి మగవాడైనా, ముసలివారైనా సరే బయటకు తిప్పడానికి వీల్లేదు. అంబులెన్సులో పడుకోబెట్టి తీసుకొచ్చే ముందు ఫోన్ చేసి స్ట్రెచర్, లిఫ్ట్ ఉన్నాయో లేదో కనుక్కోండి.

వచ్చేటప్పుడు ఏమేం తెచ్చుకోవాలి?

డాక్టరు చీటీ, పాత డాప్లర్ రిపోర్టులన్నీ, వాడుతున్న మందుల అట్టలు. ముఖ్యంగా రక్తం పలచబరిచేవి. గడ్డ పాతదా కొత్తదా, పెరిగిందా తగ్గిందా అన్నది పక్కన పాత కొలత ఉంటేనే తేలుతుంది. తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో దాచుకోండి. వరదల్లో సామాను సర్దేటప్పుడు ఆ కవరు కూడా అటక మీదికి పోవాలి. సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది, రిపోర్టులో అంకెలున్న పేజీ మొత్తం పడేలా.